ఐదో గడి

జనవరిలో స్ట్రోక్ వచ్చి, ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చేసరికి మా ఆయన దగ్గర ఒకే ఒక్క మాట మిగిలింది. అది నా పేరా అంటే కాదు, దేవుడి పేరా అంటే అదీ కాదు. "రేపు." మంచినీళ్ళు కావాలన్నా రేపు, ఆకలేసినా రేపు, కాళ్ళకి పిల్లి అడ్డం పడినా రేపు. కోపమొస్తే "రేపు రేపు రేపు" అంటూ ఎడమ చేత్తో బల్ల గుద్దేవాడు. కుడిచెయ్యి ఎలాగూ ఒళ్ళోనే పడి ఉండేది.

ఊళ్ళో వాళ్ళకు మొదట జాలేసింది, తర్వాత నవ్వొచ్చింది, ఆ తర్వాత అలవాటైపోయింది. కాఫీ కొట్టు ముందు కూర్చునే ముసలాళ్ళు "ఏం స్పీలియోస్, పేకాటకి ఎప్పుడొస్తావోయ్?" అని కావాలనే అడిగేవాళ్ళు. ఈయన "రేపు" అనేవాడు. వాళ్ళు పొట్టలు పట్టుకుని నవ్వేవాళ్ళు. ఒకరోజు ఈయనా వాళ్ళతో కలిసి నవ్వడం చూశాను. ఇక అటు తీసుకెళ్ళడం మానేశాను.

ఈయన గొంతు ఎలాంటిదో ఆ ముసలాళ్ళకు తెలియదా? ఏగియో పట్టణం పైన మా కొండవాలు మీద నల్లద్రాక్ష ఎండబెట్టుకునే ప్రతి ఇంటికీ తెలుసు. ఆగస్టులో కళ్ళాలన్నీ ద్రాక్షతో పరిచి ఉన్నప్పుడు, మబ్బు ఇంకా కొండ దాటకముందే స్పీలియోస్ వాకిట్లోకొచ్చి "కప్పండ్రోయ్!" అని ఒక్క కేక పెట్టేవాడు. కింద పెద్దరోడ్డు దాకా వినపడేది. ఆ కేక వినగానే తింటున్నవాళ్ళు తింటున్నట్టే లేచి పరుగెత్తుకెళ్ళి కళ్ళాలు కప్పుకునేవాళ్ళు. టీవీలో చెప్పే వాన తప్పేది కానీ ఈయన చెప్పే వాన తప్పేది కాదు. అలాంటి మనిషికి ఆ వేసవిలో ఎండ ఎక్కువైతే కిటికీ వెయ్యమని చెప్పడానికి కూడా నోరు లేదు.

కోతలు ఇంకా మొదలవ్వకముందు, ఆగస్టు తొలినాళ్ళలో, పాత్రాస్ నగరం నుంచి ఒకమ్మాయి వచ్చింది. పేరు ఇస్మీని. మాటలు పోయినవాళ్ళకు మాటలు నేర్పే చదువు చదివింది. స్ట్రోక్ వచ్చి మాట పడిపోయినవాళ్ళ బతుకు ఎలా ఉందో కొలవడానికి ఊరూరా తిరుగుతోందట. బతుకుని కొలవడమేమిటి, నా తలకాయ, అనుకున్నాను. పిల్ల మాత్రం మర్యాదస్తురాలు. నేను గిన్నెలో పెట్టిచ్చిన నారింజతొక్కల పాకం మొత్తం తిని, చెంచా నాకి మరీ పెట్టింది.

ఆ రోజు మా ఆడపడుచు ఎవాంథియా కూడా ఇంట్లోనే ఉంది. మా ఆయనకు అక్క. ఏగియోలో ముప్పై ఏళ్ళుగా ట్యూషన్ సెంటర్ నడుపుతోంది. పట్టణంలో డాక్టరైనా, వకీలైనా, చివరికి బ్యాంకులో గుమాస్తా అయినా సరే, ఆవిడ చేతిలో చెవి మెలి తిప్పించుకోకుండా పరీక్ష గట్టెక్కినవాడు లేడు. తమ్ముడంటే ఆవిడకు ప్రాణం. స్ట్రోక్ వచ్చిన ఆ ఏడు వేసవి సెలవులన్నీ మా ఇంట్లోనే.

ఇస్మీని ఒక పొడుగాటి అట్ట తీసి మా ఆయన ముందు పెట్టింది. దాని మీద వరసగా ఐదు గడులు, వాటిలో ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు. ఒకటో గడి కింద "అవును, చాలా" అని, ఐదో గడి కింద "లేదు, అస్సలు లేదు" అని పెద్ద అక్షరాలతో ఉంది.

"స్పీలియోస్ గారూ, నేనొక్కొక్కటి అడుగుతాను. మీకెలా అనిపిస్తే ఆ గడి మీద వేలు పెట్టండి చాలు. ఇందులో తప్పూ ఒప్పూ లేదు, సరేనా?" అంది. తర్వాత మా ఇద్దరి వైపూ తిరిగి, "మీరు మాత్రం మాట్లాడకూడదు. ఆయన్నే చెప్పనివ్వండి" అంది.

"ఆయనేం చెప్తాడమ్మా, పాపం?" అన్నాను. జనవరి నుంచి ఆయన తరఫున డాక్టర్లకూ చుట్టాలకూ నేనే చెబుతున్నాను మరి.

"చెప్తారు. చూడండి."

బట్టలు తొడుక్కోవడం కష్టంగా ఉందా అని అడిగింది. మా ఆయన ఆ అట్టను అటూ ఇటూ చూశాడు. "రేపు" అన్నాడు. ఆ పిల్ల నవ్వకుండా ఆగింది. అప్పుడాయన ఎడమ చేతి చూపుడు వేలు మెల్లగా నాలుగో గడి మీద పెట్టాడు. నిజమే, బట్టల సంగతి ఆయన ఒంటిచేత్తో బాగానే నేర్చుకున్నాడు. నడవడం కష్టమా అంటే మూడో గడి. అదీ నిజమే, మెట్ల దగ్గరే తంటా. ద్రాక్ష పండిందో లేదో చూడటానికి గింజ నోట్లో వేసుకుని ఆలోచించేవాడే, అదే ముఖం పెట్టుకుని ఒక్కో ప్రశ్నకూ ఆలోచించి మరీ వేలు పెడుతున్నాడు.

"మాట్లాడటం కష్టంగా ఉందా?"

ఒకటో గడి.

"నేను ఇంట్లో వాళ్ళకి భారమైపోయాను అని అనిపించిందా?"

ఆయన నా వైపు చూశాడు. నేను తల దించుకోలేదు. వేలు ఒకటో గడి మీదకెళ్ళింది.

"ఒరే!" అని అరిచింది ఎవాంథియా. "నువ్వు భారమని ఎవరన్నార్రా ఇంట్లో?"

"అమ్మా, దయచేసి..." అంది ఇస్మీని.

"ముందు రోజుల మీద ఆశ లేదనిపించిందా?"

ఒకటో గడి. ఈసారి వేలు పెట్టి తియ్యలేదు. గట్టిగా నొక్కి పట్టుకున్నాడు, గోరు తెల్లబడేదాకా.

నేను వంటింట్లోకెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఎవరికి చెప్పినా పిచ్చిదాన్నంటారు గానీ, అందులో సగం సంతోషమే. జనవరి నుంచి గోడతో కాపురం చేస్తున్నాను. ఇన్నాళ్ళకు ఆ గోడ అవతలి నుంచి మా ఆయన గొంతు వినిపించింది. చెప్పిందంతా చెడు కబురే కానీయండి, చెప్పాడు కదా. నాతో చెప్పాడు.

వెళ్ళేటప్పుడు ఇస్మీని గుమ్మం దగ్గర ఆగి, రెండు వారాలయ్యాక మళ్ళీ వస్తాను, ఇవే ప్రశ్నలు మళ్ళీ అడుగుతాను అంది.

"మళ్ళీ ఎందుకమ్మా?" అంది ఎవాంథియా.

"ఈ ప్రశ్నలు ఇంగ్లీషు వాళ్ళు తయారుచేసినవండీ. మన గ్రీకు వాళ్ళకి సరిపోతాయో లేదో చూస్తున్నాం. ఒకే మనిషిని రెండుసార్లు కొలిస్తే ఒకే కొలత రావాలి కదా? అందుకు." ఆ అట్ట లాంటిదే ఇంకొకటి సంచీలోంచి తీసి నా చేతిలో పెట్టింది. "ఇది ఉంచుకోండి. ఇంట్లో వాడుకోవచ్చు."

కారు మలుపు తిరగగానే మా ఆడపడుచు కుర్చీలో కూలబడింది.

"ఫేలయ్యాడే," అంది.

"ఎవరు వదినా?"

"వాడే! చూళ్ళేదూ? అన్నీ ఒకట్లు! బట్టలేసుకోవడానికి నాలుగొచ్చాయి, అంతే. అందుకే కదా మళ్ళీ వస్తానంది. ఫేలైన పిల్లలకి సెప్టెంబర్లో రెండోసారి పరీక్ష పెట్టరూ? ఇదీ అదే."

"ఆ పిల్ల ఇది పరీక్ష కాదని చెప్పింది కదా. తప్పూ ఒప్పూ లేదంది."

"పరీక్ష కాకపోతే అంకెలెందుకేశారే? ముప్పై ఏళ్ళు చూశాను వీళ్ళని. భయపడతారని చెప్పరు, అంతే. నువ్వు పాత్రాస్‌లో పునరావాస కేంద్రంలో మంచానికి కాగితం పెట్టావా లేదా?"

"పెట్టాను. జాబితాలో ఉందన్నారు."

"మరింకేం? ఈ పిల్లదీ పాత్రాసే. నాకు ఆశ లేదు మొర్రో అని వేలు పెట్టినవాడికి మంచం ఎవడిస్తాడే? బాగుపడేవాడికిస్తాడు గానీ!"

నేను "నీకో దండం" అని లేచొచ్చేశాను. కానీ ఆవిడ మాట ఒంట్లో ముల్లు దిగినట్టు దిగింది. ఎవాంథియా చెప్పింది తప్పయిన సందర్భం మా కుటుంబంలో ఎవరికీ గుర్తులేదు.

ఆ తర్వాత నాలుగైదు రోజులు, కోతలు మొదలయ్యేదాకా, నా జీవితంలోకెల్లా మంచి రోజులని ఇప్పటికీ అంటాను. సాయంత్రం పూట అట్ట ముందు పెట్టుకుని ఇద్దరం అరుగు మీద కూర్చునేవాళ్ళం.

"సూపులో ఉప్పెక్కువైందా?"

రెండో గడి.

"అబ్బో, పెళ్ళైన ముప్పై ఎనిమిదేళ్ళకి బయటపడ్డావా! పొద్దున నీ మీద అరిచాను, బాధేసిందా?"

మూడో గడి. కాసేపు ఆలోచించి నాలుగుకి జరిపాడు.

"కాఫీ కొట్టుకి పోవాలనుందా?"

ఐదో గడి, టక్కున. ఇద్దరం నవ్వుకున్నాం. ఒకసారి ధైర్యం చేసి అడిగాను. "ఏమయ్యా, నీ పెళ్ళాం ఈ దియమాందోతో నీకు విసుగొచ్చిందా?" ఆయన నా ముఖంలోకి చూస్తూ, అట్ట వైపు చూడకుండానే, వేలుతో తడుముకుంటూ వెళ్ళి ఐదో గడి మీద పెట్టాడు. నాకు సిగ్గేసింది, ఈ వయసులో. ఆ ఐదు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు గుర్తు.

కోతలు మొదలయ్యాయి. తెల్లవారకముందే నేను కూలీలతో తోటలోకి పోవాలి. ఇంట్లో ఆయన్ని చూసుకోవడానికి ఎవాంథియా తప్ప వేరే దిక్కు లేదు. మొదటిరోజు మధ్యాహ్నం నేను ఇంటికొచ్చేసరికి బల్ల మీద అట్ట, పక్కన చక్కెరపొడి చల్లిన గులాబీ మిఠాయి డబ్బా, ఎదురుగా కళ్ళజోడు పెట్టుకుని మా ఆడపడుచు.

"మాట్లాడటం కష్టంగా ఉందా?"

ఒకటో గడి.

"కాదు నాన్నా. ఐదు. అస్సలు లేదు అని చెప్పాలి. ఏదీ, ఇక్కడ పెట్టు. ఆ! పెడితే నీకు మిఠాయి."

అరవై ఏడేళ్ళ మనిషి. ఆయన ఆ మిఠాయి డబ్బాను ఎడమ చేత్తో ఒక్క తోపు తోశాడు. నేలంతా చక్కెరపొడి.

"వదినా, వదిలెయ్" అన్నాను. "ఆయన చెప్పేది ఆయన్ని చెప్పనీ."

"ఏం చెప్తున్నాడే వాడు? ఆశ లేదంటున్నాడు! అది నువ్వు విని ఊరుకుంటావా? నేనూరుకోను. వీడికి అక్షరాలు దిద్దించింది నేను. మా అమ్మ పొలం పోతే వీణ్ణి చంకనేసుకుని బడికి తీసుకెళ్ళింది నేను. పొద్దస్తమానం ఆశ ఉంది, ఆశ ఉంది అని చూపిస్తే ఏదో ఒకరోజు వాడికే నమ్మకం కుదురుతుంది." ఆవిడ చీపురు అందుకుంది. "నువ్వు ద్రాక్ష చూసుకో దియమాందో. నేను నా తమ్ముణ్ణి చూసుకుంటాను."

నేల మీద వంగి ఆవిడ చక్కెర ఊడుస్తుంటే నాకు తిట్టడానికి నోరు రాలేదు. పైగా పాత్రాస్‌లో మంచం సంగతి మనసులో మెదులుతూనే ఉంది. రేపు పొద్దున ఆ మంచం చేజారితే? అదీ పోగా, ఒంట్లో ఓపిక లేదు. తోట నుంచి వచ్చి పడుకుంటే పాముకరిచినా తెలియని నిద్ర.

ఆగస్టు పదిహేనున వచ్చే మరియమాత పండగ దాటేసరికి కళ్ళం నిండింది. నల్లగా, చిన్నచిన్న పూసల్లా, ఇంకో రెండు మూడు ఎండలు తగిలితే ఎత్తేయొచ్చు. వాసన ఇంట్లోకి కొడుతోంది. ఆ రోజు మధ్యాహ్నం కూలీలు ఇళ్ళకు పోయారు. నేను రెండు ముద్దలు తిని లోపలి గదిలో తలుపు దగ్గరగా వేసుకుని నడుం వాల్చాను. ఆకాశం చూసే పడుకున్నాను, సముద్రం వైపు ఎక్కడా మచ్చ లేదు. మా ఇంట్లో మబ్బులు దాటొచ్చే పడమటి కొండ కనిపించేది ఒక్క కిటికీలోంచే. ఆ కిటికీ పక్కనే మా ఆయన కుర్చీ.

సగం నిద్రలో వాళ్ళ పాఠం వినపడుతోంది.

"ఇంట్లో వాళ్ళకి భారమైపోయానని అనిపించిందా?"

"రేపు."

"రేపు కాదురా, ఇప్పుడు. వేలు పెట్టు."

"రేపు! రేపు!"

"అటు చూడకు. కిటికీలో ఏముంది? ఇటు, అట్ట వైపు చూడు."

"రేపు రేపు రేపు!" బల్ల గుద్దిన చప్పుడు. కుర్చీ జరిపిన చప్పుడు.

"కూర్చో! లేస్తే పడతావు. నాన్నా, నా బంగారం కదూ, ఒక్కసారి. ఐదు చూపిస్తే ఇవాళ్టికి వదిలేస్తాను. ఐదు."

మళ్ళీ మొండికేశాడు అనుకుని అటు తిరిగి పడుకున్నాను. కాసేపు గొడవ జరిగింది. ఆ తర్వాత "ఆ! అదీ! బంగారుకొండ!" అని ఎవాంథియా మురిసిపోతున్న గొంతు వినపడింది. వెంటనే కప్పు మీద టపటపమని మొదలైంది.

ఎలా లేచానో తెలియదు. చెప్పుల్లేకుండా కళ్ళం మీదకు ఉరికాను. పట్టా ఒక కొస లాగితే రెండో కొస గాలికి ఎగిరిపోతోంది. ఎవాంథియా కూడా వచ్చింది, కళ్ళజోడు ముక్కు మీద నుంచి జారిపోతుంటే, స్టాకింగ్స్‌తోనే ఆ బురదలో. ఇద్దరాడవాళ్ళం ఏం చేయగలం? కింది కళ్ళాల్లోనూ అరుపులు. ఎవరూ ముందుగా కప్పుకోలేదు. ఎవరి చెవినీ కేక పడలేదు మరి. పది నిమిషాల కుండపోత. మేం కప్పేసరికి కళ్ళం మధ్యలో నీళ్ళు నిలిచి, ఏడాది కష్టం అందులో తేలుతోంది.

ఇంట్లోకి వచ్చాను. ఆయన ఆ కిటికీ దగ్గరే ఉన్నాడు. అట్ట ముందర, వేలు ఐదో గడి మీద. పాపం, ఆ వేలు తీస్తే అక్క తనవైపు చూడదనుకున్నాడేమో, ఐదు చూపించాక కిటికీ చూపించాలనుకున్నాడేమో. నా తల నుంచి నీళ్ళు కారడం చూశాడు. ఎడమ చేత్తో తన నోటి మీద కొట్టుకున్నాడు. ఒకసారి కాదు. నేను వెళ్ళి చెయ్యి పట్టుకునేదాకా కొట్టుకుంటూనే ఉన్నాడు. పెదవి చిట్లింది.

"చెప్పాడు వదినా" అన్నాను. "నీకు మొత్తుకుని మొత్తుకుని చెప్పాడు."

ఎవాంథియా గుమ్మంలో నిలబడి ఉంది. "నాకేం తెలుసే?" అంది. "వాడు రేపు రేపు అంటాడు. నాకేం తెలుసే?" నిజమే, ఆవిడకేం తెలుసు. లోపల పడుకుని విన్న నాకైనా ఏం తెలిసింది? అయినా ఆ పూట ఆవిడను చూస్తే నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు నేను ఆవిడతో మాట్లాడలేదు.

ఆ రోజు నుంచి మా ఆయన నోట "రేపు" అన్న మాట కూడా రాలేదు. బూజు పట్టిన ద్రాక్షను మేం కళ్ళం నుంచి పారలతో ఎత్తిపోస్తుంటే అలా చూస్తూ కూర్చునేవాడు. ఎవాంథియా తనవల్ల జరిగిన నష్టం ఎలాగైనా పూడ్చాలని పాఠం ఇంకా ఎక్కువ చేసింది. ఇప్పుడు మిఠాయిలూ అక్కర్లేదు, బతిమాలడాలూ అక్కర్లేదు. ప్రశ్న పూర్తికాకముందే వేలు ఐదో గడి మీద ఉండేది. "చూశావా," అనేది నాతో, "దారిలో పడ్డాడు."

ఇస్మీని చెప్పిన రోజుకే వచ్చింది. ఎవాంథియా తమ్ముడికి తెల్లచొక్కా తొడిగి, తల దువ్వి, పెళ్ళిచూపులకు కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టింది. తను వెనక్కి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడింది.

"బట్టలు తొడుక్కోవడం కష్టంగా ఉందా?" ఐదు. "నడవడం?" ఐదు. "మాట్లాడటం కష్టంగా ఉందా?"

ఐదు. అస్సలు లేదు.

ఇస్మీని తల ఎత్తి ఆయన్ని చూసింది. ఇంకాస్త నెమ్మదిగా, ఒక్కో మాటా విడదీసి మళ్ళీ అడిగింది. మళ్ళీ ఐదు. ఆయన కళ్ళు అట్ట మీద లేవు, కిటికీ మీదా లేవు. భారం, ఐదు. ఆశ, ఐదు. చివరి దాకా అడిగి ఆ పిల్ల పెన్ను మూత పెట్టేసింది.

"ఎన్నొచ్చాయమ్మా?" అంది మా ఆడపడుచు. ఆవిడ ముఖం వెలిగిపోతోంది.

"ఇలా కాదండీ..." ఇస్మీని ఇబ్బందిగా కాగితాలు తిరగేసింది. "పోయినసారి చెప్పినదానికీ ఇప్పటిదానికీ అసలు పొంతన లేదు. ఇంత తేడా వస్తే... మేం అడిగేది ఆయనకి అర్థం కావట్లేదని రాసుకోవాలి."

"అర్థం కాకపోవడమేంటి!" అన్నాను. గొంతు పెరిగింది, తగ్గించుకోలేదు. "ఆయనకి అన్నీ అర్థమవుతాయి. పోయినసారి చెప్పిందే నిజం. ఇది మా వదిన బట్టీ పట్టించింది. పరీక్షనుకుంది. అడుగు, అడుగు ఆవిణ్ణి!"

ఎవాంథియా ముఖంలో రక్తం ఇంకిపోయింది. "మంచం కోసం..." అంది. "ఐదైతే మంచం ఇస్తారని..."

"నాకు మంచాలతో సంబంధం లేదండీ" అంది ఇస్మీని, పాపం, ఏడుపు గొంతుతో. "ఇందులో తప్పూ ఒప్పూ లేదని మొదటి రోజే చెప్పాను కదా?" తర్వాత నాతో అంది. "మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను. కానీ ఒకసారి నేర్పించాక ఏది ఆయనదో, ఏది నేర్పినదో నాకెలా తెలుస్తుంది? ఆయన జవాబుల్ని లెక్కలోకి తీసుకోలేను. ఇలాంటప్పుడు దగ్గరివాళ్ళనే అడగమన్నారు. ఆయన బదులు మీరు చెప్పండి. అవే ప్రశ్నలు."

ఇదంతా ఆయన ముందే. ఆయన వింటూనే ఉన్నాడు. ఇన్నాళ్ళూ నోరు లేదని నేను ఆయన తరఫున మాట్లాడాను. ఇప్పుడు బుర్ర లేదని, ఆయన ఎదుటే, నన్ను మాట్లాడమంటున్నారు. కాదనాలనిపించింది. అట్ట తీసి పొయ్యిలో పెట్టాలనిపించింది. కానీ నేను కూడా చెప్పకపోతే ఆయన గురించి ఇక ఎవరు చెప్తారు?

ఇస్మీని అట్టను నా వైపు తిప్పింది. బట్టలు, నాలుగు. నడక, మూడు. మాట, ఒకటి. ఆయన మొదటి రోజు పెట్టిన చోటే నేనూ పెట్టుకుంటూ పోయాను. ఆయన నా వేలినే చూస్తున్నాడు.

"నేను ఇంట్లో వాళ్ళకి భారమైపోయానని ఆయనకి అనిపిస్తోందా?"

నా వేలు గాల్లో ఆగిపోయింది. ఒకటో గడి ఆయన మాట. నాకు చెప్పిన మాట. కానీ ఇప్పుడది నా వేలితో, ఆయన కళ్ళముందు, "అవును, చాలా" అని చెప్పాలి. ఐదో గడి మీద పెడితే నేనూ ఇంకో ఎవాంథియాను. ఆయన్ని ఆయన మాట మీదే ఉంచాలనుకున్నాను. ఒకటో గడి మీద వేలు పెట్టి తలెత్తి చూశాను. తల ఊపుతాడని, బల్ల గుద్దుతాడని, కనీసం ఆ పాడు "రేపు" అయినా అంటాడని.

ఆయన నా వేలిని కాసేపు చూశాడు. తర్వాత ఎడమ చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకున్నాడు. మెల్లగా, గడి గడీ దాటించుకుంటూ, తీసుకెళ్ళి ఐదో గడి మీద పెట్టాడు. పైన తన అరచెయ్యి కప్పాడు.

"ఏది రాసుకోమంటారమ్మా?" అంది ఇస్మీని.

ఆ చెయ్యి నన్ను ఓదారుస్తోందో, అక్క చెప్పిన పాఠం ఒప్పజెబుతోందో నాకు తెలియలేదు. వెనక ఎవాంథియా వెక్కి వెక్కి ఏడుస్తోంది. ఆయన్నే అడిగి తెలుసుకుందామంటే మా దగ్గర ఆ అట్ట ఒక్కటే ఉంది. దాని మీద ఏం అడిగినా ఆయన చూపించేది ఐదో గడే.